లక్ష్మణ ఫలం తినండి, ఆకుల కషాయం వద్దు

ప్రశ్న: నా వయసు 61. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టన్ వాడుతున్నాను. కడియం నర్సరీ నుంచి తెచ్చి పెరట్లో నాటిన లక్ష్మణ ఫలం చెట్టు ఈ ఏడాది మొదటిసారి కాసింది. ఒక్కో కాయ కిలోకు పైనే ఉంది. నేను తినవచ్చా? ఎలా తినాలి? పెద్దపేగు క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్న మా అన్నయ్య ఈ చెట్టు ఆకుల కషాయం తాగుతానంటున్నారు. కీమో కన్నా పదివేల రెట్లు బాగా పనిచేస్తుందని ఆయనకు వాట్సాప్‌లో వచ్చిందట. నిజమేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: ముందు పండు సంగతి. హాయిగా తినండి. పెరట్లో కాసిన పండును షుగర్ పేరు చెప్పి పక్కింటికి పంపేయాల్సిన పని లేదు.

లక్ష్మణ ఫలం మన సీతాఫలానికి, రామాఫలానికి దగ్గరి బంధువే. పుట్టిల్లు మాత్రం కరీబియన్ దీవులు, ఉష్ణమండల అమెరికా. సీతాఫలం రుచి మనసులో పెట్టుకుని తింటే మొదటి ముద్దకు కొంత నిరాశ తప్పదు. తీపి తక్కువ, పులుపు ఎక్కువ, గుజ్జు నిండా దూదిలాంటి పీచు. రెండో ముద్దకు అనాసపండు వాసన తెలుస్తుంది, ఆ తర్వాత ఎవరూ చెప్పనక్కర్లేదు. ముదురాకుపచ్చ రంగు కాస్త పసుపు వైపు తిరగగానే కాయ కోసి ఇంట్లో ఉంచండి. బొటనవేలితో నొక్కితే దిగేంత మెత్తబడ్డాకే తినాలి. అంతకుముందే ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది, పండూ సరిగా పండదు.

మీకు ముఖ్యం కొలత. 100 గ్రాముల గుజ్జులో సుమారు 17 గ్రాముల పిండిపదార్థం, 3 గ్రాముల పీచు ఉంటాయి. అంటే దాదాపు ఒక పుల్కాకు సమానం. అదే తూకం సీతాఫలంలో పిండిపదార్థం 23 గ్రాములు దాటుతుంది కాబట్టి మీ పెరటి పండే కొంత నయం. ఒక చిన్న కప్పు గుజ్జు, భోజనం మీద కాకుండా సాయంత్రం పూట, చెంచాతో తినండి. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో ఒకసారి చూసుకుంటే మీ శరీరానికి ఎంత సరిపోతుందో నా కన్నా మీకే బాగా తెలుస్తుంది. జమైకాలో దీన్ని తియ్యటి గట్టిపాలు (కండెన్స్‌డ్ మిల్క్), జాజికాయ పొడి కలిపి తాగుతారు. రుచిలో దానికి వంక పెట్టలేం, కానీ అది మీ కోసం కాదు, మీ మనవల కోసం.

టెల్మిసార్టన్ రక్తంలో పొటాషియంను కొద్దిగా పెంచే మందు. ఈ పండులోనూ 100 గ్రాములకు 280 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంది. కిడ్నీలు బాగా పనిచేస్తుంటే చిన్న కప్పుతో ఇబ్బంది రాదు. క్రియాటినిన్ పరీక్ష చేయించి ఏడాది దాటితే మాత్రం ఈ సాకుతోనైనా చేయించుకోండి.

ఇక మీ అన్నగారి విషయం. ఆ పదివేల రెట్ల మాట పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. చిక్కంతా అక్కడే ఉంది. 1990లలో ఈ చెట్టు గింజల నుంచి వేరుచేసిన ఒక పదార్థాన్ని ప్రయోగశాలలో పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద పరీక్షించి, ఏడ్రియామైసిన్ అనే కీమో మందుతో పోల్చారు. ఆ అంకె అక్కడిది. గాజుపాత్రలో పెంచిన కణాలను చంపేవి చాలా ఉన్నాయి, ఉప్పు ఎక్కువైనా అవి చస్తాయి. మనిషికి ఇచ్చినప్పుడు క్యాన్సర్ తగ్గినట్టు నమ్మదగిన వైద్య పరీక్ష ఏదీ చూపలేదు. ఆ అంకె గింజల పదార్థానిది, మీ అన్నగారు తాగాలనుకుంటున్నది ఆకుల కషాయం అన్న తేడా కూడా వాట్సాప్ దాటేసరికి చెరిగిపోయింది.

నాకు అసలు భయం వేరే. ఈ చెట్టు ఆకుల్లో, పండులో, గింజల్లో అనోనాసిన్ అనే పదార్థం ఉంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పనిని అది అడ్డుకుంటుంది, నరాల కణాలకు హాని చేస్తుంది. కరీబియన్‌లోని గ్వాడెలూప్ దీవిలో పార్కిన్సన్స్‌ను (వణుకుడు జబ్బును) పోలిన, మామూలు మందులకు లొంగని జబ్బు అసాధారణంగా ఎక్కువ మందిలో కనిపించింది. వారిలో చాలామంది ఈ పండును, ఆకుల కషాయాన్ని ఏళ్ల తరబడి తీసుకున్నవారు. 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో ఈ సంగతి వచ్చింది. కారణం ఇదేనని తిరుగులేకుండా రుజువు కాలేదు. అయినా పెద్దపేగు క్యాన్సర్‌కు తరచూ ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ వల్ల చేతులు, కాళ్లు తిమ్మిరెక్కి నరాలు ముందే దెబ్బతింటాయి. వాటి మీద మరో బరువు ఎందుకు? రోజూ కషాయం తాగాలన్న ఆలోచన మానమనండి. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే, కోప్పడతారని దాచకుండా క్యాన్సర్ వైద్యుడికి చెప్పమనండి.

పండు సంగతి వేరు. కాలంలో కాసినప్పుడు అప్పుడప్పుడు తినే నాలుగు ముద్దలకు ఈ భయం పెట్టుకోనక్కర్లేదు. కీమో రోజుల్లో వికారంతో ఏదీ సయించనప్పుడు చల్లటి పుల్లటి గుజ్జు బాగుంటుంది కూడా. నోట్లో పుండ్లు ఉంటే మాత్రం పులుపు మండుతుంది. తెల్లరక్తకణాలు తగ్గిన రోజుల్లో ఉడికించని పండ్లు తినవచ్చో లేదో వారి వైద్యుడినే అడగాలి.

గింజల విషయంలో ఇద్దరూ జాగ్రత్తగా ఉండాలి. పొరపాటున ఒకటి మింగితే అది అలాగే బయటికి పోతుంది, కంగారు వద్దు. నమలకూడదు. గింజలు తీయకుండా గుజ్జును మిక్సీలో వేయకూడదు. సీతాఫలం గింజల పొడిని పేలకు తలకు రాసే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. ఆ పొడి కంట్లో పడి కనుగుడ్డు పైపొర దెబ్బతిన్నవారు కంటి ఆసుపత్రులకు వస్తూనే ఉంటారు. ఈ గింజలను కూడా అలా వాడకండి. ఒకవేళ కంట్లో పడితే పావుగంట సేపు ధారగా నీళ్లతో కడిగి, ఆ రోజే కంటి వైద్యుడికి చూపించండి.