పందెపు కార్టులో అన్నిటికన్నా బరువైన భాగం మనిషే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు కార్టు (గో-కార్ట్ అని పిలిచే, నేలకు దగ్గరగా ఉండే చిన్న పందెపు బండి) పందేల గురించి పంపిన ఉత్తరాల్లో ఐదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. రాజాం విద్యార్థులు అడిగిన ప్రశ్న ఈ క్రీడకు మూలమైన విషయాన్ని ముట్టుకున్నది కనుక దానికి ఎక్కువ చోటు కేటాయించాము.

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్లు. విశాఖపట్నంలో మూడుసార్లు అద్దె కార్టు నడిపాడు. అప్పటి నుంచి పందేల్లో పాల్గొంటానని పట్టుబడుతున్నాడు. తెలిసినవారు ఒక పాత పందెపు కార్టు అమ్మజూపుతున్నారు. కొనవచ్చునా? లైసెన్సు అవసరమా?
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: ఇప్పుడే కొనకండి. పిల్లవాడి ఉత్సాహాన్ని తక్కువ చేసి ఈ మాట చెప్పడం లేదు. కార్టు చొక్కాలాంటిది, వేసుకునేవారి కొలతకు సరిపోవాలి. చిన్నపిల్లల తరగతికి పొట్టి చాసిస్ (గొట్టాలతో చేసిన చట్రం), పెద్దలకు పొడవైన చాసిస్ ఉంటాయి. సీటు కూడా నడిపేవారి నడుము కొలతను బట్టి ఎంచుకోవలసినదే. ఎదిగే వయసులో ఉన్న పిల్లవాడికి ఈ ఏడాది సరిపోయిన సీటు వచ్చే ఏడాదికి బిగుతైపోతుంది. పైగా పాత చాసిస్ పైకి రంగు వేసి కొత్తగా కనిపించినా, అడుగున గొట్టాలు నేలకు రాసుకొని అరిగిపోయి ఉండవచ్చు, వెల్డింగు దగ్గర సన్నని పగుళ్లు ఉండవచ్చు. అనుభవం ఉన్న మెకానిక్ దాన్ని బోర్లించి చూడకుండా బేరం కుదుర్చుకోవడం మంచిది కాదు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. పందెపు కార్టును రోడ్డు మీద నడపడం చట్టరీత్యా కుదరదు. సాధన చేయాలంటే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు, బెంగళూరు వంటి చోట్లకు వెళ్లవలసిందే. అక్కడి జట్లు కార్టునూ, మెకానిక్‌నూ, టైర్లనూ కలిపి రోజు అద్దెకు ఇస్తాయి. కాబట్టి సెలవుల్లో రెండు మూడుసార్లు అలా తీసుకువెళ్లి, ప్రతి చుట్టుకూ పట్టిన సమయాన్ని ఒక పుస్తకంలో రాయించండి. ఒక్కసారి వేగంగా తిరగడం ఎవరికైనా సాధ్యమే. పది చుట్లు దాదాపు ఒకే సమయంలో తిరగగలుగుతున్నాడా అన్నదే చూడవలసినది. అద్దె కార్ట్లలో సాధారణంగా తొమ్మిది హార్స్‌పవర్ లోపు ఉండే నాలుగు స్ట్రోకుల ఇంజను ఉంటుంది. పెద్దల పందేల్లో వాడే 125 సీసీ రెండు స్ట్రోకుల ఇంజను సుమారు 30 హార్స్‌పవర్ ఇస్తుంది. ఆ రెండింటి నడుమ ఉన్న దూరం పిల్లవాడికి చేతులతో, మెడతో తెలిసివచ్చాక కూడా ఇష్టం తగ్గకపోతే, అప్పుడు కొనుగోలు గురించి ఆలోచించవచ్చు.

లైసెన్సు తప్పనిసరి. చెన్నై కేంద్రంగా పనిచేసే ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా మన దేశంలో ఈ క్రీడకు గుర్తింపు పొందిన సమాఖ్య. పోటీ లైసెన్సు ఇచ్చేది ఆ సంస్థే. రవాణా శాఖ ఇచ్చే డ్రైవింగ్ లైసెన్సుకూ దీనికీ సంబంధం లేదు కనుక వయసు అడ్డు కాదు. వయసు ధ్రువపత్రం, వైద్యుడి ధ్రువపత్రం, తల్లిదండ్రుల సమ్మతి సిద్ధం చేసుకోండి. మైక్రో, జూనియర్, సీనియర్ అని తరగతులు ఉంటాయి. ఏ తరగతికి ఏ వయసో ఆ ఏడాది పోటీ నిబంధనల పుస్తకంలో చూసి, దరఖాస్తు చేయండి.

ప్రశ్న: మా ఇంట్లో ఇద్దరు వెయిట్‌లిఫ్టర్లు ఉన్నారు, తూకం అంటే ఏమిటో మాకు తెలుసు. కార్టు పందెం అయిపోయిన తరువాత విజేతను కార్టుతో సహా తూస్తారట. ముందే తూయవచ్చు కదా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: ఈ ప్రశ్న ఆమదాలవలస నుంచి రావడం సంతోషం. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి గారి ఊరివారికి తూకం కాటా ముందు నిలబడే ఆందోళనను వివరించనక్కరలేదు. అయితే ఆ తూకానికీ ఈ తూకానికీ దిశ వేరు. వెయిట్‌లిఫ్టింగులో పోటీకి రెండు గంటల ముందు తూస్తారు, హద్దు దాటి బరువు ఎక్కువ ఉండకూడదు. కార్టు పందెంలో గీత దాటి వచ్చాక తూస్తారు, హద్దు కన్నా బరువు తక్కువ ఉండకూడదు. తూచేది కార్టునూ, హెల్మెట్, సూటు, బూట్లతో ఉన్న మనిషినీ కలిపి.

ఇంజను బలం అందరికీ ఒక్కటే అయినప్పుడు తేలికైనవాడు మలుపు నుంచి ముందుగా పరుగందుకుంటాడు. ఇంజనుతో కలిపి కార్టు బరువు 80 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, నడిపే పెద్దమనిషి బరువూ దాదాపు అంతే ఉంటుంది. యంత్రంలో సగం మనిషే అయినప్పుడు, సన్నగా ఉన్నవాడు పుట్టుకతోనే గెలవకుండా చూడటానికి ఈ నియమం వచ్చింది. తక్కువ పడిన బరువును సీసపు దిమ్మలుగా సీటుకు బోల్టులతో బిగిస్తారు. అవి వదులై ట్రాకు మీద పడితే వెనుక వచ్చేవారి ప్రాణానికే ముప్పు కనుక ఆ బిగింపును పరిశీలకులు పట్టుబట్టి చూస్తారు.

పందెం సాగే కొద్దీ పెట్రోలు కాలిపోతుంది, మనిషి చెమటోడుస్తాడు, టైర్లు అరుగుతాయి. మన కోస్తా వేసవిలో చెమట లెక్క చిన్నది కాదు. అందుకే తెలివైన జట్లు హద్దు మీద ఒకటి రెండు కిలోలు అదనంగా ఉంచుకొనే బయలుదేరతాయి. కాటా మీద అరకిలో తగ్గినా ఆ పందెం ఫలితం పోతుంది. ముందు తూచి వదిలేస్తే దారిలో దిమ్మ పారేసుకున్నవాడిని ఎలా పట్టుకుంటారు? తూకం పూర్తయ్యేదాకా కార్టును ఎవరూ ముట్టకూడదన్న నియమం కూడా అందుకే.

ప్రశ్న: మేము ఇంజనీరింగ్ విద్యార్థులం. కళాశాలల పోటీ కోసం సొంతంగా కార్టు తయారుచేశాము. చాసిస్ వంగకూడదని వెనుక భాగంలో అదనంగా ఏటవాలు గొట్టాలు వెల్డింగ్ చేశాము. ఇప్పుడు స్టీరింగ్ తిప్పితే ముందు టైర్లు కీచుమంటూ జారుతున్నాయి తప్ప కార్టు మలుపు తీసుకోవడం లేదు. తప్పు ఎక్కడ ఉన్నది?
– ఒక జట్టు, రాజాం

జవాబు: మీరు బలం కోసం వేసిన ఆ గొట్టాల్లోనే ఉన్నది. బాధపడకండి, కారు గురించి చదువుకున్న ప్రతివారూ కార్టు దగ్గరికి వచ్చినప్పుడు మొదట చేసే పని ఇదే.

కారులో డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరిక ఉంటుంది కనుక మలుపులో బయటి చక్రం ఎక్కువగా, లోపలి చక్రం తక్కువగా తిరగగలుగుతాయి. కార్టులో అది ఉండదు. రెండు వెనుక చక్రాలూ ఒకే ఇరుసుకు, అంటే యాక్సిల్‌కు బిగించి ఉంటాయి, రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. చిన్న వృత్తంలో తిరగవలసిన లోపలి చక్రం నేలను పట్టుకొని ఉన్నంతసేపూ కార్టును నేరుగా ముందుకే నెడుతూ ఉంటుంది. ముందు టైర్లు ఎంత తిప్పినా ఆ తోపుడును గెలవలేక జారిపోతాయి. మీరు వింటున్న కీచు శబ్దం అదే.

దీనికి కార్టులో ఉన్న ఉపాయం ఒక్కటే: మలుపులోకి ప్రవేశించిన క్షణంలో లోపలి వెనుక చక్రం నేల నుంచి కాస్త లేవాలి. కాగితం మందం లేచినా చాలు. ముందు చక్రం పక్కకు తిరిగేది కింగ్‌పిన్ అనే కడ్డీ చుట్టూ; దాన్ని కాస్త వెనక్కి వాల్చి బిగిస్తారు, ఆ వాలునే కాస్టర్ కోణం అంటారు. స్టీరింగ్ తిప్పగానే ఆ కోణం వల్ల లోపలి ముందు చక్రం కిందికి దిగుతుంది, బయటి ముందు చక్రం పైకి పోతుంది. నాలుగు కాళ్ల మంచానికి ఒక కాలి కింద ఇటుక పెడితే ఎదురు మూల కాలి మీద బరువు పడి, ఆ పక్కనున్న కాలు గాలిలో తేలుతుంది కదా, ఇక్కడా అంతే. లోపలి ముందు చక్రమే ఆ ఇటుక, బయటి వెనుక చక్రం బరువు మోస్తుంది, లోపలి వెనుక చక్రం తేలుతుంది. మలుపు పూర్తవుతుండగా అది మళ్లీ మెత్తగా నేలకు దిగాలి, లేకపోతే బయటికి వచ్చేటప్పుడు ఇంజను బలం వృథా అవుతుంది.

కార్టుకు స్ప్రింగులు లేవు. అందుకే ఈ లేవడం, దిగడం చాసిస్ గొట్టాలు మెలితిరిగి, తిరిగి యథాస్థితికి రావడం వల్లనే సాఫీగా జరుగుతాయి. క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు గొట్టాలను తయారీదారులు ఎంచుకునేది కూడా పగలకుండా వంగి, పూర్తిగా వెనక్కి వచ్చే గుణం కోసమే. మీ ఏటవాలు గొట్టాలు ఆ మెలికను ఆపేశాయి. వాటిని కోసి, వెల్డింగు మచ్చలను జాగ్రత్తగా సానపట్టి, గొట్టానికి ఎక్కడా గాటు పడలేదని చూసుకోండి.

ఆ తరువాత సీటు సంగతి. మీరు సీటును ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ బిగించి ఉంటారని నా అనుమానం. సీటు కేవలం కూర్చునే చోటు కాదు; దాని పక్కల నుంచి యాక్సిల్ వైపు వెళ్లే ఊతకడ్డీల ద్వారా మనిషి బరువు బయటి వెనుక చక్రం మీదికి చేరుతుంది. నడిపేవారిని కూర్చోబెట్టి నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి తూయండి. మొత్తం బరువులో వెనుక చక్రాల మీద 57 శాతం దరిదాపుల్లో, ముందు చక్రాల మీద 43 శాతం దరిదాపుల్లో ఉండాలి. ఎడమ, కుడి ఇంచుమించు సమానంగా ఉండాలి. నాలుగు వేరు కాటాలు దొరకకపోతే ఒకే కాటాను ఒక్కొక్క చక్రం కింద పెడుతూ, మిగతా మూడింటి కింద అదే ఎత్తున్న చెక్కలు ఉంచినా పని జరుగుతుంది. అప్పటికీ మలుపులో మొండికేస్తే ముందు చక్రాల మధ్య వెడల్పు కొంచెం పెంచండి, లేదా కాస్టర్ పెంచండి. ఒకసారికి ఒక్కటే మార్చి, ఐదారు చుట్లు తిప్పి, ఫలితం రాసుకున్నాకనే రెండవది ముట్టుకోండి.

ప్రశ్న: బైకు హెల్మెట్‌తో కార్టు నడపవచ్చునా? జెండాల అర్థాలు కూడా చెప్పగలరు.
– ఒక డిగ్రీ విద్యార్థిని, టెక్కలి

జవాబు: పందెంలో బైకు హెల్మెట్‌ను అనుమతించరు. పెద్దలకు హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థ కార్టింగు కోసం ఇచ్చే కె గుర్తు, పిల్లలకు తక్కువ బరువుతో చేసిన సీఎంఆర్ గుర్తు ఉన్నవి అడుగుతారు. పిల్లల మెడ సన్ననిది, బరువైన హెల్మెట్ దానికి రక్షణ కాదు, భారమవుతుంది. పక్కటెముకల కవచం కూడా కొనండి. కార్టు సీటు గట్టిది, కంపనమంతా పక్కటెముకలే భరిస్తాయి.

అన్నిటికన్నా ముందు జుట్టు, చున్నీ. సీటు వెనుక యాక్సిల్ నిమిషానికి వేలసార్లు తిరుగుతూ ఉంటుంది. 2020లో హైదరాబాద్ శివార్లలో ఒక విద్యార్థిని జుట్టు ఇలాగే చిక్కుకొని ప్రాణాలు కోల్పోయింది. జడను చుట్టి హెల్మెట్ లోపలికి, దుస్తుల లోపలికి పూర్తిగా దోపుకోవాలి. చున్నీ తీసి పక్కన పెట్టాలి. వినోదానికి నడిపే అద్దె కార్టులోనూ ఇందులో మినహాయింపు లేదు.

జెండాల్లో పసుపు అంటే ముందు ప్రమాదం ఉన్నది, వేగం తగ్గించాలి, ఎవరినీ దాటకూడదు. నీలం అంటే వెనుక నుంచి మిమ్మల్ని ఒక చుట్టు ముందున్నవారు వస్తున్నారు, దారి ఇవ్వాలి. ఎరుపు అంటే పందెం ఆగింది. నలుపు మీద నారింజ రంగు గుండ్రని బొట్టు ఉన్న జెండా మీ అంకెతో కనిపిస్తే మీ కార్టులో ఏదో ఊడిపోయింది, వెంటనే బయటికి రావాలి.

ప్రశ్న: జాతీయ రహదారికి దగ్గరలో మాకు కొంత మెట్ట భూమి ఉన్నది. ఇక్కడ కార్టు ట్రాకు వేస్తే నడుస్తుందా?
– ఒక రైతు, శ్రీకాకుళం

జవాబు: అద్దె కార్ట్ల ట్రాకుగా మొదలుపెట్టి, పందేలకు పనికివచ్చేలా ట్రాకు నక్షా గీయించండి. తారు వెడల్పు ఎక్కడా 8 మీటర్లకు తగ్గనివ్వకండి, ఇద్దరు పక్కపక్కన మలుపు తిరగగలిగితేనే అది పందెం. అంచున గోడ కట్టించవద్దు. టైర్లను ఒకదానితో ఒకటి బోల్టులతో బిగించి, ముందు రబ్బరు పట్టీ తొడిగిన కంచె వేయించండి. విడివిడిగా పేర్చిన టైర్ల మధ్యకు కార్టు ముక్కు దూరిపోతుంది.

మీ ప్రాంతంలో అసలు పరీక్ష నీటితోనే. 2018లో తిత్లీ తుపాను పలాస వైపు చేసిన నష్టం మీకు తెలిసినదే. తారు వేయకముందే నీరు పోయే వాలు, కాలువలు నిర్ణయించాలి. మలుపు లోపలి అంచున నీరు నిలిస్తే ఆ ట్రాకు ఏడాదిలో సగం రోజులు మూసి ఉంటుంది. అంబులెన్సు నేరుగా ట్రాకు మీదికి వచ్చే దారి కూడా మొదటి నక్షాలోనే ఉండాలి.

జర్మనీలో కెర్పెన్ అనే చిన్న ఊరి కార్టు ట్రాకును మైకేల్ షూమాకర్ తండ్రి చూసుకునేవారు. ఇతరులు పారేసిన టైర్లతో సాధన చేస్తూ పెరిగిన ఆ పిల్లవాడు ఏడుసార్లు ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయ్యాడు. విజయనగరం తండ్రిగారు తన కుమారుణ్ణి చెన్నై దాకా తీసుకువెళ్లవలసి రావడం, రాజాం విద్యార్థులకు తమ కార్టును పరీక్షించే తారు దొరకకపోవడం చూశాక, మీ భూమిలో ఆ పని జరగాలని నేను మనసారా కోరుకుంటున్నాను. నక్షా గీయించే ముందు సమాఖ్యకు చెందిన ట్రాకు పరిశీలకుణ్ణి ఒకసారి పిలిపించి నేల చూపించండి. తారు పడ్డాక మలుపు మార్చాలంటే ఖర్చు రెట్టింపవుతుంది.