గంట కొట్టబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. జులై 1 నుంచి మన ఊరి రోటరీ క్లబ్బుకి నువ్వే ప్రెసిడెంటువని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. మెడలో కాలర్ వేసుకున్న ఫోటో ఎలాగూ వాట్సాప్‌లో వస్తుంది, దాని సంగతి వదిలెయ్. నేను రాసేది వారం వారం జరిగే మీటింగ్ గురించి. మూడుసార్లు సెక్రటరీగా, ఒకసారి ప్రెసిడెంటుగా చేసినవాణ్ణి కాబట్టి ఈ చొరవ.

ముందు టైము. ఏడున్నర అంటే ఏడున్నరకే గంట కొట్టు. హాల్లో నువ్వూ, సెక్రటరీ, కుర్చీలు వేసే కుర్రాడూ తప్ప ఎవరూ లేకపోయినా సరే. మొదటి రెండు వారాలు అలుగుతారు. "మిల్లు కట్టేసి వచ్చేసరికి లేటవుద్దని తెలీదేటండీ?" అంటారు. మూడో వారం వాళ్లే ఏడూ ఇరవైకి బండి స్టాండు వేస్తారు. ఎనిమిదిన్నరకి ముగించెయ్. రేవు దాటి ఇంటికెళ్లాల్సినవాడు ఒకడైనా ఉంటాడు, పంటు పడవ తప్పిపోతుందేమోనని వాడి కళ్లు గడియారం మీదే ఉంటాయి.

గెస్ట్ స్పీకర్‌కి ఇరవై నిమిషాలని పిలిచేటప్పుడే చెప్పు. నేను మొహమాటపడి చెప్పక, ఒక పెద్దమనిషి గంటా పది నిమిషాలు మాట్లాడాడు. పెసరట్లు చల్లారి అట్టముక్కల్లా అయ్యాయి, వెనక వరస ఖాళీ. ఆయనకి వేసిన శాలువా మాత్రం వెచ్చగానే ఉంది.

ఇక అసలు సంగతి మినిట్స్ పుస్తకం. నా సెక్రటరీగిరీలో ఒకసారి కంటి శుక్లాల క్యాంపు పెట్టాం. ఆపరేషన్లు బాగానే జరిగాయి. తర్వాతి మీటింగ్‌లో, రోగుల ఇళ్లకి వెళ్లి చుక్కల మందు వేసుకుంటున్నారో లేదో చూడాలనుకున్నాం. నేను చక్కని దస్తూరీతో "రోగుల యోగక్షేమాలు విచారించవలెనని తీర్మానించడమైనది" అని రాసుకున్నాను. అందరూ సంతకాలు పెట్టారు. మూడు వారాల తర్వాత గోదావరి మధ్య ఒక లంక నుంచి ఓ కుర్రాడు వాళ్ల మామ్మని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని వచ్చాడు. కన్ను ఎర్రగా వాచిపోయి ఉంది. చీర కొంగు ముడి విప్పి మందు సీసా చూపించింది. సీలు కూడా తీయలేదు. "మీవోళ్లొచ్చి ఏత్తారన్నారు కదా బాబూ" అంది. ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్తే కన్ను దక్కింది గానీ చూపు మసకే మిగిలింది.

ఆ రాత్రి పుస్తకం తెరిచి నా వాక్యమే చదువుకున్నాను. "తీర్మానించడమైనది." ఆ "డమైనది"లో ఎవడున్నాడు? నేనూ లేను, ఇంకొకడూ లేడు. అందుకే చెప్తున్నాను, ఆ మాట నీ ఏడాదిలో పుస్తకంలో కనపడకూడదు. "ఫలానా ఆయన శనివారం లోపు వెళ్లి చూసి వస్తారు" అని పేరూ, రోజూ రాయించు. తర్వాతి వారం గంట కొట్టి, ప్రార్థన అయ్యాక, మొదట అదే అడుగు: "పోయిన వారం ఒప్పుకున్నది ఏమైందండీ?" నలుగురిలో కోప్పడకు. అడిగి, ఊరుకో, చాలు. గోదావరి జిల్లావాడు తిట్టు పడతాడు గానీ ఆ నిశ్శబ్దం పడలేడు.

వారానికోసారి ఎందుకు, నెలకి రెండుసార్లు చాలు కదా అనేవాళ్లు వస్తారు. 2016లో రోటరీ పైవాళ్లే ఆ వెసులుబాటు ఇచ్చారు కాబట్టి తప్పేం కాదు. నాకు మాత్రం నచ్చదు. ఒప్పుకున్న పని వారం దాకా గుర్తుంటుంది, పదిహేను రోజులైతే ఎవరు ఒప్పుకున్నారో కూడా గుర్తుండదు. సంక్రాంతి వారం మాత్రం పట్టుబట్టకు. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం ఉండగా నీ మీటింగ్‌కి నేనే రాను.

నీ ఏడాది వరదల్లో మొదలవుతుంది, అది గుర్తుపెట్టుకో. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులకి చేరి రెండో హెచ్చరిక ఇచ్చారంటే ఆ వారం స్పీకరూ వద్దు, శాలువా వద్దు. 1996 నవంబరు 6 తుఫాను తర్వాత కరెంటు లేక లాంతరు పెట్టుకుని కూర్చున్నాం. దారికడ్డంగా కొబ్బరిచెట్లు పడి ఉంటే దాటుకుంటూ పదకొండు మంది వచ్చారు. మీటింగ్ ఇరవై నిమిషాలే. అంత మంచి మీటింగ్ మళ్లీ నేను చూడలేదు. బియ్యం ఒకరు, కిరసనాయిలు ఒకరు, పడవ ఒకరు. లంకలకి ఏం పంపాలో హాల్లో కూర్చుని ఊహించకండి, అక్కడివాడికే ఫోన్ చెయ్. ఒకసారి మేం పాత చీరలు మూటలు కట్టి పంపితే, వాళ్లకి కావాల్సింది మంచినీళ్లూ, అగ్గిపెట్టెలూ, గొడ్లకి గడ్డీ అని తెలిసింది.

జనం తగ్గుతున్నారనిపిస్తే హాలు మార్చు. 1905లో చికాగోలో పాల్ హారిస్, ఇంకో ముగ్గురూ మొదలెట్టినప్పుడు హాలే లేదు. ఒకరి ఆఫీసు తర్వాత ఇంకొకరి ఆఫీసులో వంతుల వారీగా కూర్చునేవారు, రోటరీ అనే పేరు అలా వచ్చిందే. మేం ఓసారి ఒక మెంబరు కొబ్బరికాయల కొట్లో పెట్టాం. నాలుగేళ్లుగా నోరు విప్పనాయన, నేలలో పాతిన ఇనప మొన మీద కాయ గుచ్చి మూడు విరుపుల్లో పీచు ఊడదీసి, కాయ చెవి దగ్గర ఆడించి నీళ్ల చప్పుడుని బట్టి వయసెలా చెప్తారో చూపించాడు. అరగంట మాట్లాడాడు. ఆయన్ని మాత్రం బెల్లు కొట్టి ఆపలేదులే.

పాత మినిట్స్ పుస్తకం డ్రైవరు చేత పంపుతున్నాను, ఆ శుక్లాల పేజీలో కాగితం పెట్టాను. గంట సుత్తి కూడా నా దగ్గరే ఉండిపోయింది. దాని పిడి వదులైంది, కొట్టేముందు చూసుకో. కొత్త ప్రెసిడెంటు బాధ్యతలు తీసుకునే ఒక ఇన్‌స్టలేషన్ సభలో తల ఊడి ముఖ్య అతిథి కాఫీ కప్పులో పడింది. మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య