మెళకువలు పంచుకుంటే మన గేమ్‌కు నష్టమా?

ప్రశ్న: నేను ఒంటరిగా ఒక ప్లాట్‌ఫార్మర్ గేమ్ (మెట్లు, అంచులు, గోడల మీద దూకుతూ సాగేది) తయారు చేసి విడుదల చేశాను. అందులో పాత్ర దూకే తీరు చేతికి హాయిగా ఉందని ఆడినవాళ్లు మెచ్చుకుంటున్నారు. దాన్ని ఎలా సాధించానో వివరంగా రాసి నా సొంత సైటులో పెట్టాలని ఉంది. పడ్డ కష్టమంతా పోటీవాళ్లకు అప్పనంగా అప్పగించినట్టవుతుందని మిత్రులు వారిస్తున్నారు. పైగా పెద్దవాళ్లు ఎప్పుడో రాసేసిన సంగతులపై నేను కొత్తగా చెప్పగలిగేది ఏముంటుందన్న సంకోచమూ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: తప్పకుండా రాయండి. మీ మిత్రుల భయాన్ని కొట్టిపారేయలేం గానీ, వారు కాపలా పెట్టమంటున్న చోట దొంగలు పడరు. గేమ్ విడుదలైన రోజే తన గుట్టులో చాలా భాగాన్ని తానే బయటపెట్టుకుంటుంది. నియమాలు, లెవళ్ల అమరిక, కదలికలు అన్నీ ఓపిగ్గా ఆడి చూసినవారికి అందేవే. 2014లో ‘త్రీస్’ అనే చిన్న పజిల్ గేమ్ విషయంలో జరిగింది ఇదే. ఆషర్ వోల్మర్, గ్రెగ్ వోల్‌వెండ్ దాన్ని తీర్చిదిద్దడానికి ఏడాదికి పైగా శ్రమపడ్డారు. అది వచ్చిన కొద్ది వారాలకే ‘1024’, ఆ వెనుకే దానికి దగ్గరి పోలికలతో ‘2048’ వచ్చాయి. ఉచితంగా దొరికే ‘2048’ పేరు అసలు గేమ్ పేరును మించి మారుమోగింది. ఈ గొలుసు మొదలు కావడానికి ఎవరి వ్యాసమూ అవసరపడలేదు. వోల్మర్, వోల్‌వెండ్‌లు తయారీ కాలంలో ఒకరికొకరు రాసుకున్న వందలాది ఈమెయిళ్లను బయటపెట్టింది ఆ తరువాతే. పెట్టి చూసి తీసేసిన ఆలోచనలన్నీ వాటిలో ఉన్నాయి. తేలికగా కనిపించే ఆ గేమ్ వెనుక ఎంత మథనం జరిగిందో లోకానికి తెలిసింది ఆ ఉత్తరాల వల్లనే. అంటే పంచుకున్నది వారికి చేటు చేయకపోగా, ఆ పని తమదేనని చూపించుకోవడానికి సాక్ష్యంగా నిలిచింది.

చట్టం కూడా ఈ విషయంలో మీ మౌనానికి ప్రతిఫలం ఇవ్వదు. కాపీరైట్ రక్షణ కోడ్‌కు, బొమ్మలకు, సంగీతానికి, రాతకు ఉంటుందే తప్ప, వాటి వెనుక ఉన్న ఆలోచనకు ఉండదు. పేటెంట్ దారి వేరు. లోడింగ్ జరుగుతున్నంతసేపూ తెరపై మరో చిన్న గేమ్ ఆడించే పద్ధతికి నామ్‌కో సంస్థ పేటెంట్ తీసుకుంది. 2015లో దాని గడువు తీరేదాకా మిగతా డెవలపర్లు ఆ జోలికి పోవడానికి జంకారు, ఆటగాళ్లు ఖాళీ తెరల వంక చూస్తూ కూర్చున్నారు. దానివల్ల ఎవరు బాగుపడ్డారో నాకైతే అంతుపట్టదు.

ఇక పెద్దవాళ్లు రాసేశారన్న సంకోచం. నిజమే, ‘సెలెస్ట్’ గేమ్ 2018లో విడుదలైన తరువాత, దాని తయారీదారులు పాత్ర కదలికలకు సంబంధించిన కోడ్‌నే అందరికీ చూపించారు. పాత్ర అంచు దాటి గాలిలోకి వచ్చేసిన తరువాత కూడా 0.1 సెకను పాటు దూకనిచ్చే వెసులుబాటు, అంటే డెవలపర్లు ‘కయోటీ టైమ్’ అని పిలుచుకునేది, అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ పద్ధతి ఉందని చెప్పడమే మీ వ్యాసమైతే రాయనవసరం లేదు. అయితే దాన్ని మీ గేమ్‌లో ఇమిడ్చేటప్పుడు ఎదురైనవి వేరే ఉంటాయి. ‘ఆరు ఫ్రేముల వెసులుబాటు ఇవ్వండి’ అన్న సలహానే తీసుకోండి. ఫ్రేము అంటే తెరపై వెంటవెంటనే మారిపోయే బొమ్మల్లో ఒకటి. సెకనుకు 60 ఫ్రేములు నడిచినప్పుడు అది సరిగ్గా 0.1 సెకను. తెర వేగంతో పాటు పరుగెత్తే కోడ్ ఆ ఆరు ఫ్రేములనే లెక్కపెడుతూ 144 హెర్ట్జ్ మానిటర్‌పై, అంటే సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే తెరపై నడిస్తే, వెసులుబాటు 0.042 సెకనుకు పడిపోతుంది. ఆటగాడికి ఈ లెక్కలేవీ తెలియవు. ‘బటన్ నొక్కినా దూకడం లేదు’ అని విసుక్కుంటాడు, మీ దగ్గరున్న మానిటర్‌పై మాత్రం అంతా సవ్యంగానే ఉంటుంది. ఇంకొకటి చూడండి. నేల విడిచిన క్షణం నుంచి నడిచే టైమర్‌కు, పాత్ర అంచు మీదుగా జారి నేల విడిచిందో, దూకి నేల విడిచిందో తేడా తెలియదు. దూకిన మరుక్షణమే అందులో మిగిలిన సమయాన్ని సున్నా చేయకపోతే, 0.1 సెకను లోపు వేగంగా మరోసారి బటన్ నొక్కినవాడు గాలిలోనే రెండో జంప్ కొట్టేస్తాడు. లెవల్ కట్టినవాడు ఎక్కడానికి వీల్లేదనుకున్న గోడ మీదికి అలా ఎక్కి కూర్చునేవాళ్లు ఉంటారు! ఇటువంటివి చేసి చూసినవారికే తారసపడతాయి, వాటి కోసం వెతుక్కుంటూ వచ్చే పాఠకుడికి మీ పేరు ఎంత పెద్దదన్నది పట్టదు.

కాబట్టి రాసేటప్పుడు ముందుగా చిక్కు ఏమిటో చెప్పండి, తరువాత మీరు ప్రయత్నించి వదిలేసినవి, చివరగా నిలిచినది చెప్పండి. ప్రతి అంకె పక్కనా అది సెకన్లా, ఫ్రేములా, పిక్సెళ్లా అన్నది రాయండి. వెసులుబాటును 0.2 సెకను దాకా పెంచి చూసి, పాత్ర గాలిలో నడుస్తున్నట్టుందని వెనక్కి తగ్గి ఉంటే, ఆ 0.2ను కూడా రాయండి. తుది అంకె కంటే అది ఎక్కువ నేర్పుతుంది. సొంత సైటులో పెడుతున్నారు కనుక మరో సౌకర్యం కూడా ఉంది. ఆ విలువను పాఠకుడే అటూ ఇటూ జరిపి, అక్కడికక్కడే దూకి చూసుకునే చిన్న నమూనాను వ్యాసం మధ్యలోనే పెట్టవచ్చు. షడ్భుజి గడుల గురించి అమిత్ పటేల్ తయారుచేసిన వివరణలో గడుల రకాన్ని మనం మార్చగానే కింది బొమ్మలూ సూత్రాలూ మారిపోతాయి. నాలుగు పేరాల్లో చెప్పేదాన్ని అది ఒక్క చూపులో తేల్చేస్తుంది.

కోడ్ ఒక్కటే పెట్టి చేతులు దులుపుకోవద్దు. 2005లో ‘క్వేక్ 3’ సోర్స్ కోడ్ బయటికి వచ్చినప్పుడు, ఒకటిని వర్గమూలంతో భాగిస్తే వచ్చే విలువను చకచకా అంచనా వేసే కొద్ది వరుసల ఫంక్షన్ ఒకటి అందరి నోళ్లలోనూ నానింది. అందులోని ఒక వింత స్థిరాంకం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ వరుసల్లో ఎక్కడా లేదు. దానికి కర్త ఆ గేమ్ ప్రధాన ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ అని చాలామంది అనుకున్నారు, అదీ నిజం కాదని తరువాత తేలింది. పక్కనే రెండు వాక్యాల వివరణ, ఎవరి వద్ద నేర్చుకున్నదీ ఒక మాట ఉండి ఉంటే ఇంత వెతుకులాట ఉండేది కాదు. మీరు తీసుకున్నవి ఎవరివో మీరు మాత్రం రాయండి.

ప్రశ్న: నేను ఒక గేమ్ స్టూడియోలో ఉద్యోగిని. మా జట్టు చేసిన పనిలోని మెళకువలను రాయవచ్చా?

జవాబు: మీ ఉద్యోగ ఒప్పందాన్ని ఒకసారి నిదానంగా చదివి, తరువాత మీ పై అధికారిని అడిగి, అనుమతిని రాతపూర్వకంగా తీసుకోండి. స్టూడియో కోడ్, విడుదల కాని బొమ్మలు, అమ్మకాల వివరాలు మీవి కావు. గేమ్‌ల తయారీ కోసం కన్సోళ్ల సంస్థలు ఇచ్చే డెవలప్‌మెంట్ కిట్ల సమాచారం ఆయా సంస్థల గోప్యతా ఒప్పందాల పరిధిలో ఉంటుంది, స్టూడియో ఒప్పుకున్నా దాన్ని రాయకూడదు. అడగడానికి మొహమాటపడనవసరం లేదు. 1988లో గేమ్ డిజైనర్ క్రిస్ క్రాఫర్డ్ ఇంటి ముందుగదిలో పాతికమంది కూర్చుని మొదలుపెట్టిన గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ ఈనాటికీ నడుస్తున్నదంటే, తమ ఉద్యోగులు వేదికెక్కి పనితీరు చెప్పడానికి ఎన్నో స్టూడియోలు ఒప్పుకోబట్టే. గేమ్ విడుదలయ్యాక అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. అప్పటిదాకా ఆగాలి కదా అని నోట్సు రాసుకోవడం మాత్రం ఆపకండి. ఆర్నెల్లు గడిస్తే ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో మీకే గుర్తుండదు. ఆ నోట్సును ఉంచుకోవడంలోనూ స్టూడియో నియమాలను పాటించండి.

జోర్డాన్ మెక్నర్ 1989 నాటి తన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ తయారీ రోజుల్లో డైరీ రాసుకున్నారు, తరువాత దాన్ని బయటపెట్టారు. పోయిందనుకున్న సోర్స్ కోడ్ ఫ్లాపీలు వాళ్ల నాన్నగారికి ఒక పెట్టెలో దొరకడంతో, 2012లో ఆ కోడ్‌ను కూడా అందరికీ ఇచ్చారు. కోడ్‌ను, డైరీని పక్కపక్కన పెట్టుకుని చదువుకునే భాగ్యం చాలా తక్కువ గేమ్‌ల విషయంలో దక్కింది.

ప్రశ్న: వ్యాసంతో పాటు కోడ్ కూడా ఇస్తే లైసెన్స్ తప్పనిసరా? ‘ఎవరైనా వాడుకోవచ్చు’ అని ఒక మాట రాస్తే సరిపోదా?

జవాబు: ఏమీ రాయకపోతే హక్కులన్నీ మీవద్దే ఉన్నట్టు లెక్క, జాగ్రత్తపరులు దాన్ని ముట్టుకోరు. ‘వాడుకోవచ్చు’ అన్న ఒక్క మాటలో మార్చవచ్చా, అమ్ముకోవచ్చా అన్నది తేలదు. మీ పేరు నిలబెడితే చాలనుకుంటే ఎంఐటీ లైసెన్స్ ఇవ్వండి. మార్పులు చేసి పంచేవారు తమ కోడ్‌ను కూడా తెరచి ఉంచాలనుకుంటే జీపీఎల్ ఇవ్వండి. బొమ్మలకు, శబ్దాలకు విడిగా రాయాలి. ‘డూమ్’ కోడ్ 1997లో బయటికి వచ్చినప్పుడు లెవళ్లూ బొమ్మలూ దానితో ఇవ్వలేదు. మొదట వాణిజ్యేతర వాడకానికే అనుమతించిన ఆ కోడ్ 1999లో జీపీఎల్ కిందికి వచ్చింది. అన్నిటికంటే ముందు, మీ కోడ్‌లో ఇతరులది ఏముందో వెతికి చూసుకోండి. డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోసం చేసిన ‘డూమ్’లో వాడిన శబ్దాల లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్) బయటివారిది కావడం వల్లనే, ఆనాడు డాస్ కోడ్‌కు బదులు లినక్స్ కోడ్‌ను విడుదల చేయవలసి వచ్చింది.