ఎండీవర్ మీద కుక్ లెఫ్టినెంటా, కెప్టెనా?

బ్రిటిష్ నావికుడు జేమ్స్ కుక్ 1768లో ఎండీవర్ ఓడ ఎక్కినప్పుడు లెఫ్టినెంట్ అని ఒక పుస్తకంలో, కెప్టెన్ అని ఇంకోదాంట్లో ఉంది, పట్టికలో ఏది రాయాలి అని అడిగారు కదండీ. నిజానికి రెండూ తప్పు కాదు. అప్పట్లో కెప్టెన్ అంటే ఒక హోదా. కానీ ఓడను నడిపే అధికారిని, హోదా ఏదైనా, ఓడలో అందరూ కెప్టెన్ అనే పిలిచేవారు. ఊళ్ళో కాంపౌండర్‌ని డాక్టరుగారూ అన్నట్టు, కాకపోతే ఇక్కడ అధికారం నిజంగానే ఉండేది!

కుక్ 1755లో మామూలు నావికుడిగా బ్రిటిష్ నౌకాదళంలో చేరాడు. 1757లో పరీక్ష పాసై మాస్టర్ అయ్యాడు, అంటే ఓడకు దారి చూసే పెద్ద. అది వారంట్ ఉద్యోగం, అంటే పనిలో నైపుణ్యం చూసి ఇచ్చేది; కమిషన్, అంటే లెఫ్టినెంట్, కెప్టెన్ లాంటి అధికారి హోదా ఇచ్చే నియామకం, కాదు. మిమ్మల్ని తికమక పెట్టింది ఇదే అనుకుంటా. సెయింట్ లారెన్స్ నదికి, న్యూఫౌండ్‌లాండ్ తీరానికి అంత మంచి మ్యాపులు గీసినా కమిషన్ మాత్రం 1768లో, ఎండీవర్ యాత్రకు ముందే దక్కింది. అప్పటికి ఆయనకు 39 ఏళ్ళు. లెఫ్టినెంట్ కావడానికి బాగా ఆలస్యమే.

తిరిగొచ్చాక 1771లో కమాండర్, రెండో యాత్ర అయ్యాక 1775లో పోస్ట్ కెప్టెన్, అంటే హోదాలోనూ కెప్టెన్, అయ్యాడు. కాబట్టి హోదా గడిలో 1768కి లెఫ్టినెంట్ అనే రాయండి.