అక్రెడిటేషన్ ‘వచ్చేస్తుంది’ అంటున్న యూనివర్సిటీకి ఐదు లక్షలు ముందే కట్టాలా?

ప్రశ్న: తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర మాకు స్టీలు సామాన్ల అంగడి ఉంది. అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పాసైంది. అమెరికాలో కొత్తగా పెట్టిన ఒక ఆన్‌లైన్ యూనివర్సిటీలో నాలుగేళ్ల కంప్యూటర్ డిగ్రీ చేస్తానంటోంది. అక్రెడిటేషన్‌కు దరఖాస్తు పెట్టారట, కోర్సు అయ్యేలోపు వచ్చేస్తుందని కౌన్సెలర్ చెబుతున్నాడు. ఏటా కడితే మొత్తం 7 లక్షలు, ఈ నెలాఖరులోపు ఒకేసారి కడితే 5 లక్షలు. సుకన్య ఖాతాలో 5.6 లక్షలు ఉన్నాయి. అందులో సగం తీసి, మిగతా 2.2 లక్షలకు మా ఆవిడ నగలు బ్యాంకులో పెడదామనుకుంటున్నాం. సరేనంటారా?
– ఒక తండ్రి, తిరుపతి

జవాబు: వద్దండీ. నెలాఖరు గడువని మిమ్మల్ని తొందరపెడుతున్నారు కాబట్టి ముందు ఈ మాట చెప్పేస్తున్నాను. మొత్తం ఫీజు ఒకేసారి కట్టొద్దు, నగలు అసలే పెట్టొద్దు.

అమెరికాలో యూనివర్సిటీ నడుపుకోవడానికి రాష్ట్రం ఇచ్చే అనుమతి వేరు, అక్రెడిటేషన్ వేరు. మొదటిది మీ అంగడికి కార్పొరేషన్ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు లాంటిది. అంగడి తెరవొచ్చంటుంది గానీ సరుకు ఎలాంటిదో చెప్పదు. ఆ సరుకును, అంటే చదువు నాణ్యతను, పరిశీలించి బాగుందని ఇచ్చే గుర్తింపే అక్రెడిటేషన్. దాన్ని ఇచ్చే సంస్థలు విడిగా ఉంటాయి, వాటికి అక్కడి విద్యాశాఖ గుర్తింపు ఉందో లేదో కూడా చూసుకోవాలి. యూనివర్సిటీ కొంతకాలం నడవాలి, పిల్లలు చేరాలి, చదువు తీరూ జమాఖర్చులూ రాసివ్వాలి, ఆ తర్వాత ఆ సంస్థవాళ్లు వచ్చి పరిశీలిస్తారు. కొన్ని సంస్థల పద్ధతిలో మధ్యలో ‘క్యాండిడేట్’ అనే దశ ఉంటుంది. అది దాటాక కూడా రాకపోవచ్చు. ఈ పరీక్ష అంతా మొదటి బ్యాచ్‌ల పిల్లలు కట్టిన ఫీజులతోనే జరుగుతుంది. మీ అమ్మాయి ఆ బ్యాచ్‌లలో ఉంటుంది. (ఐఎస్ఓ సర్టిఫికెట్ చూపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. అది అక్రెడిటేషన్ కాదు.)

అలాగని కొత్తవాటికి ఎప్పుడూ రాదని కాదు. యూనివర్సిటీ ఆఫ్ ద పీపుల్ అనే ఆన్‌లైన్ సంస్థ 2009లో మొదలై 2014లో తెచ్చుకుంది. కానీ అది లాభాపేక్ష లేనిది, ట్యూషన్ ఫీజే లేదు. ఒకవేళ రాకపోయినా తొలి విద్యార్థులకు డబ్బు పరంగా పెద్ద దెబ్బ తగిలేది కాదు. లాభం కోసం నడిచే సంస్థ గిట్టుబాటు కాకపోతే మూతపడుతుంది. అక్రెడిటేషన్ ఉండి కూడా, లాభం కోసం నడిచిన అమెరికా కాలేజీ సంస్థలు కొరింథియన్ కాలేజెస్ 2015లో, ఐటీటీ టెక్ 2016లో మూతపడ్డాయి. కొరింథియన్‌లో చదివిన సుమారు 5.6 లక్షల మంది అప్పుల్ని, 580 కోట్ల డాలర్లు, అమెరికా ప్రభుత్వం 2022లో రద్దు చేసింది. అవి ప్రభుత్వం ఇచ్చిన అప్పులు కాబట్టి చేయగలిగింది. మీ నగల మీద అప్పును ఎవరూ రద్దు చేయరు కదండీ.

సరే, అక్రెడిటేషన్ వచ్చిందే అనుకుందాం. మన దేశంలో ఆ డిగ్రీ చెల్లాలి. మన యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ యూజీసీ. దాని అనుమతి లేని విదేశీ సంస్థలతో చేతులు కలిపి ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ చదువుల) కంపెనీలు ఇప్పించే ఆన్‌లైన్ డిగ్రీలను గుర్తించబోమని 2023 డిసెంబరులో యూజీసీ హెచ్చరించింది. రేపు అమ్మాయి బ్యాంకు పరీక్ష రాయాలన్నా, ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏకు వెళ్లాలన్నా మొదట అడిగేది డిగ్రీకి గుర్తింపు ఉందా అనే.

ఇప్పుడు ఆ 2 లక్షల తగ్గింపు సంగతి. సుకన్యలో ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీయే కొనసాగితే, మీరు తీయబోయే 2.8 లక్షలు నాలుగేళ్లలో 3.83 లక్షలు దాటుతాయి. అంటే లక్షకు పైగా వదులుకుంటున్నారు. నగల అప్పుకు 10 శాతం వేసుకున్నా ఏడాదికి 22 వేలు, నాలుగేళ్లకు 88 వేలు. తగ్గింపు దాదాపుగా అక్కడికక్కడే కరిగిపోయింది. ఏటా కట్టినా కొంత వడ్డీ పోతుంది, కాదనను. కానీ మొదటి ఏడాది చూసి బాగోలేదంటే 1.75 లక్షలతో ఆగిపోవచ్చు. సుకన్య నుంచి కూడా ఒకేసారి తీయనక్కర్లేదు. చదువు కోసమైతే గత ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం వరకు, ఏడాదికి ఒకసారి చొప్పున ఐదేళ్ల పాటు విడతలుగా తీసుకోవచ్చు. అడ్మిషన్ పత్రమో ఫీజు రసీదో అడుగుతారు.

ఇంకో పని చేయండి. మీ బ్యాంకుకు వెళ్లి ఇదే కోర్సుకు ఎడ్యుకేషన్ లోన్ అడగండి. మామూలుగా 4 లక్షల దాకా తాకట్టు అడగరు. పాత పన్ను విధానంలో ఉంటే వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు కూడా దొరుకుతుంది, నగల అప్పుకు అది రాదు. ఈ యూనివర్సిటీకి ఇవ్వలేమని బ్యాంకు అంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. వాళ్ల డబ్బు పెట్టడానికి జంకిన చోట మన డబ్బు ఎందుకు పెట్టాలి?

ఆన్‌లైన్‌లోనే చదవాలని అమ్మాయి ఇష్టపడితే దారులున్నాయి. యూజీసీ దూరవిద్యా విభాగం, అంటే డెబ్, వెబ్‌సైట్‌లో అనుమతి ఉన్న యూనివర్సిటీల జాబితా కోర్సుల వారీగా దొరుకుతుంది. అందులో చేరాలంటే ముందు డెబ్ ఐడీ తీసుకోవాలి. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ నాకు ఇంకా నచ్చుతుంది. జేఈఈ లేకుండానే చేరొచ్చు, ముందు నాలుగు వారాల పాఠాలు చదివి అర్హత పరీక్ష పాసవ్వాలి. ఆ టర్మ్‌లో తీసుకున్న కోర్సులకే ఫీజు కట్టాలి. మధ్యలో ఆగినా అప్పటిదాకా చదివినదాన్ని బట్టి సర్టిఫికెట్టో డిప్లొమానో చేతికొస్తుంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో 75 శాతం దాకా తగ్గింపు కూడా ఉంది. కాకపోతే చదువు కష్టంగా ఉంటుంది, అమ్మాయికి ఆ సంగతి ముందే చెప్పండి.

ఇవన్నీ చూశాక కూడా ఆ అమెరికా కోర్సే కావాలని అమ్మాయి పట్టుబడితే, కౌన్సెలర్‌కు మెయిల్ పెట్టండి. ఏ సంస్థకు దరఖాస్తు చేశారు, ఇప్పుడు ఏ దశలో ఉంది, అక్రెడిటేషన్ రాకపోయినా యూనివర్సిటీ మూతపడినా ఎంత డబ్బు, ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారు అని అడగండి. ఫోన్‌లో చెబుతానంటే ఒప్పుకోకండి, రాతపూర్వకంగా ఇవ్వమనండి. జవాబు రాకపోతే నెలాఖరు గడువును దాటిపోనివ్వండి.