మాత్ర మానేసే ముందు ఇది చదువు

చిన్నా,

మొన్న ఫోన్‌లో నువ్వు అడగలేక అడిగిన సంగతి, ఫిట్స్ మాత్ర వల్లే కోరిక, అంగస్తంభన తగ్గాయేమోనన్న అనుమానం, దాని గురించే రాస్తున్నాను. ఫోన్‌లో అయితే పక్కన ఎవరో ఒకరు ఉంటారు, నువ్వు "ఆఁ, సర్లే మామయ్యా" అని దాటేస్తావు. తీరిగ్గా చదువుకో.

అన్నిటికంటే ముందు, ఇవాళ రాత్రి మాత్ర వేసుకో. రేపు కూడా వేసుకో. "రెండు రోజులు మానేసి చూస్తా, తేడా తెలుస్తుంది కదా" అన్నావు చూడు, ఆ ఆలోచన మనసులోంచి తీసెయ్యి. కార్బమాజెపిన్‌ని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ తిరగబెట్టడమే కాదు, ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. పోనీ ఆ తేడా అయినా తెలుస్తుందా అంటే, రెండు రోజుల్లో అదీ తెలియదు.

నీ అనుమానంలో మాత్రం తప్పు లేదు. ఇన్నేళ్లుగా నేనూ ఈ మాత్రలతోనే బతుకుతున్నాను కదా. ఫెనిటోయిన్, ఫినోబార్బిటోన్, ఇప్పుడు నువ్వు వాడే కార్బమాజెపిన్, ఈ మూడూ కాలేయంలోని ఎంజైముల పని పెంచేస్తాయి. దాంతో రక్తంలో ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్ పెరుగుతుంది. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్‌ని అది పట్టేసుకుంటుంది. అంటే ఒంట్లో హార్మోన్ ఉంటుంది, కానీ వాడుకోవడానికి దొరికేది తక్కువ. డబ్బంతా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి చేతిలో ఖర్చుకు లేకపోయినట్టు. కోరిక తగ్గడం, అంగస్తంభన సరిగా లేకపోవడం ఇలా రావచ్చు. ఇందులో నీ మగతనానికి వచ్చిన లోటేమీ లేదురా. మందు మారిస్తే ఆ ప్రోటీన్ మళ్లీ దిగుతుంది, కాకపోతే దానికి వారాలు పడుతుంది.

అందుకే రక్తపరీక్ష విషయంలో జాగ్రత్త. టోటల్ టెస్టోస్టిరాన్ ఒక్కటే చేయించి "అంతా నార్మలే" అంటే అక్కడితో ఊరుకోకు. దాంతోపాటు ఎస్‌హెచ్‌బీజీ కూడా చూస్తే గానీ అసలు సంగతి తేలదు. పొద్దున 8 నుంచి 10 లోపు రక్తం ఇవ్వాలి, సాయంత్రానికి ఈ హార్మోన్ సహజంగానే తగ్గుతుంది. ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోన్, థైరాయిడ్, షుగర్ కూడా చూడమని అడుగు. ఫిట్ వచ్చిన కాసేపు ప్రొలాక్టిన్ దానంతటదే పెరుగుతుంది, కాబట్టి ఫిట్ వచ్చిన రోజు ఆ పరీక్షకి వెళ్లకు.

అయితే తప్పంతా మాత్ర మీదే వేసేయకు. ఫిట్స్ మెదడులో టెంపొరల్ లోబ్ అనే భాగం నుంచి వచ్చేవాళ్లలో జబ్బు వల్లే కోరిక తగ్గొచ్చు. దిగులు, నిద్ర చాలకపోవడం, బీపీకి వాడే కొన్ని మందులు, మద్యం, ఇవీ కారణాలే. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి అంగం గట్టిపడి ఉంటోందా లేదా గమనించు. ఉంటోందంటే టెన్షన్ పాలు ఎక్కువేమో అనుకోవచ్చు. అదొక్కటే చూసి తేల్చేయలేం గానీ, డాక్టర్‌కి పనికొచ్చే గుర్తు.

ఇక అసలు కష్టం డాక్టర్ ముందు నోరు పెగలడం. ఓపీలో నీ వెనక ఇద్దరు నిలబడి ఉంటారు, డాక్టర్ గారు "ఫిట్స్ వస్తున్నాయా?" అంటారు, నువ్వు "లేదండీ" అంటావు, పాత చీటీయే మళ్లీ రాసి ఇస్తారు. అలా ఏళ్లు గడిచిపోతాయి. నువ్వడిగితే తప్ప వాళ్లకి తెలిసే దారి లేదు. అందుకని ఇంట్లోనే ఒక కాగితం మీద రాసుకుని వెళ్లు. ఇలా:

"సర్, కార్బమాజెపిన్ డోసు పెంచిన రెండు నెలల నుంచి కోరిక తగ్గింది, అంగస్తంభన నిలవడం లేదు. అంతకుముందు బాగానే ఉండేది. పెళ్లై ఏడాది, పిల్లలు కావాలనుకుంటున్నాం. మందు వల్ల అయ్యుంటుందా? మార్చడానికి వీలుందా?"

కింద నువ్వు వాడే ప్రతి మాత్ర పేరు, డోసు రాయి. కూర్చోగానే ఆ కాగితం చేతికివ్వు. నోటితో చెప్పాల్సిన పనే లేదు.

ఆయన డోసు తగ్గించవచ్చు, లేదా లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ లాంటి వేరే ఫిట్స్ మందులకి మార్చవచ్చు. ఇవి సాధారణంగా ఈ విషయంలో అంత ఇబ్బంది పెట్టవు. కానీ మార్పు నెమ్మదిగా జరగాలి, పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ. లామోట్రిజిన్ అయితే మరీ నిదానం. తొందరపడితే చర్మం మీద ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు. దద్దుర్లు కనిపిస్తే ఎదురుచూడకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. లెవెటిరాసెటమ్ కొందరికి చిరాకు, కోపం తెస్తుంది, ఆ సంగతి మీ ఆవిడకి ముందే చెప్పి ఉంచు. మందు మారే ఆ రోజుల్లో బండి నడపకు, చెరువులో ఈతకి దిగకు.

ఒకవేళ వాల్‌ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందు మాట వస్తే, పిల్లల కోసం చూస్తున్నామని గట్టిగా గుర్తు చెయ్యి. ఆడవాళ్లు అది వాడితే గర్భంలో బిడ్డకి హాని అన్నది పాత సంగతే. 2024లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ మగవాళ్ల విషయంలోనూ జాగ్రత్త చెప్పింది. బిడ్డ కడుపున పడే ముందు మూడు నెలల్లో తండ్రి ఆ మందు వాడితే బిడ్డ మెదడు ఎదుగుదల మీద ప్రభావం ఉండే అవకాశం ఉందని.

పేపర్లో "ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో కలవండి, నరాల బలహీనత మాయం" అని వేస్తారే, వాళ్ల గుమ్మం తొక్కకు. ఆ పొడుల్లో ఏం కలుపుతారో రాయరు. అది నీ ఫిట్స్ మందుతో ఎలా కలుస్తుందో ఇచ్చేవాడికే తెలియదు. మెడికల్ షాపులో సిల్డెనాఫిల్ అడిగి కొనుక్కోవడమూ వద్దు. అది స్తంభనకి సాయం చేస్తుందే గానీ కోరిక పుట్టించదు. పైగా కార్బమాజెపిన్ వాడేవాళ్లలో దాని పని తగ్గుతుంది. డాక్టర్ రాసి ఇస్తే వేరే సంగతి.

ఇక మీ ఆవిడ విషయం. నీకు ఫిట్స్ ఉన్నాయని తనకి తెలుసు, ఈ సంగతి తెలియదు. నువ్వు రోజూ అటు తిరిగి పడుకుంటుంటే తన మీద ఇష్టం లేదనే అనుకుంటుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. "నీ వల్ల కాదు, మందు వల్ల కావచ్చు, చూపించుకుంటున్నా" అని ఈ రాత్రే చెప్పు. రాత్రి మాత్ర వేసుకున్నాక మత్తుగా ఉంటే బలవంతం పెట్టుకోకు, నిద్రపోయి లేచాక తెల్లవారుజామున దగ్గరవ్వండి. మాత్ర టైము మాత్రం జరపొద్దు. కలయికలో ఫిట్ వస్తుందేమోనన్న భయం నీకుందని నాకు అర్థమైంది. అలా రావడం చాలా అరుదు. నిద్ర చెడగొట్టుకోవడమే అంతకన్నా ప్రమాదం.

ఇక మీ అత్తవారింట్లో ఎవరో "ఫిట్స్ ఉంటే పెళ్లి చెల్లదట" అన్నారని మీ అమ్మ బాధపడింది. ఆ మాట ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలో ఉండేది, 1999లో తీసేశారు. అక్కకి కూడా చెప్పాను.

కాగితం రాశాక ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు, ఏమైనా వదిలేశావేమో చూస్తాను. డాక్టర్ దగ్గరికి తోడు రమ్మంటే వస్తా, బయట కూర్చుంటా.

మామయ్య