పరిహారం డబ్బుతో కారు కొనాలా, చక్రాల కుర్చీకి మోటారు పెట్టించాలా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లె. నాకు 33 ఏళ్లు. 2022లో బైకు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని నడుము నుంచి కిందికి చచ్చుబడింది. చేతులు బాగానే పనిచేస్తాయి. సదరం సర్టిఫికెట్‌లో 90 శాతం వైకల్యం అని రాశారు. నెలకు 15,000 రూపాయల పింఛను వస్తోంది. కోర్టు ద్వారా వచ్చిన పరిహారం 12 లక్షలు బ్యాంకులో ఉంది. నాలుగు కిలోమీటర్ల దూరంలోని కంప్యూటర్ సెంటర్‌లో నెలకు 9,000 జీతానికి పని ఇస్తామన్నారు. ఆటోకు రానూపోనూ రోజుకు 200 అడుగుతున్నారు. రెండు నెలలకోసారి విశాఖపట్నం ఆసుపత్రికి అద్దె కారులో వెళ్లి రావడానికి 4,000 అవుతోంది. ఏడు లక్షలు పెట్టి కారు కొంటే తమ్ముడు నడుపుతానంటున్నాడు. మా బావగారేమో తన పేర కొంటే పన్ను కూడా తగ్గుతుందంటున్నారు. కొనమంటారా?

జవాబు: ఇప్పుడు కొనవద్దనే నా సలహా. కారు నడిపేది మీరే అయివుంటే ఈ జవాబు మరోలా ఉండేది. తమ్ముడు నడిపే కారులో మీ ప్రయాణమంతా అతని తీరికను బట్టి ఉంటుంది. నాట్ల రోజుల్లోనూ కోతల రోజుల్లోనూ అతడు పొలంలో ఉంటే మీరు సెంటర్‌కు సెలవు పెట్టక తప్పదు. ఏడు లక్షలు ఖర్చుచేసిన తరువాత కూడా గుమ్మం దగ్గర కూర్చుని మరొకరి కోసం ఎదురుచూడవలసి వస్తే, ఆ ఖర్చు వల్ల మీకు తీరిన అవసరం ఏమిటో ఒకసారి ఆలోచించండి.

మీ ప్రయాణాలు రెండు రకాలు. విశాఖ ప్రయాణాలు ఏడాదికి ఆరు; వాటి ఖర్చు 24,000 రూపాయలు. సొంత కారుకు బీమా, సర్వీసింగ్, టైర్లు లెక్కవేస్తేనే ఇంచుమించు అంత అవుతుంది, పెట్రోలు అదనం. కనుక ఈ ప్రయాణాలకు అద్దె కారే చవక. రైలులో తోడు లేకుండా ప్రయాణం చేయలేని వారికి స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో 75 శాతం రాయితీ ఉంది, వెంట వచ్చే ఒకరికీ అదే రాయితీ వర్తిస్తుంది. అయితే మీకు కష్టం టికెట్ ధరతో కాదు, పెట్టె మెట్లతో. అందుచేత దాన్ని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.

అసలు విషయం రెండో రకం, అంటే రోజూ వెళ్లవలసిన ఆ నాలుగు కిలోమీటర్లు. నెలకు 26 పనిదినాలకు ఆటో ఖర్చు 5,200 అయితే 9,000 జీతంలో మీ చేతికి మిగిలేది 3,800. పైగా ఆటో ఎక్కాలంటే డ్రైవరు మిమ్మల్ని ఎత్తి కూర్చోబెట్టాలి, కుర్చీని మడిచి వెనక కట్టాలి, అక్కడికి చేరాక అదంతా తిరిగి చేయాలి. పక్క చక్రాలు బిగించిన స్కూటరుతోనూ ఇదే చిక్కు. కాళ్లలో కొంత బలం ఉన్నవారికి అది మంచి వాహనమే గాని, కుర్చీ నుంచి స్కూటరు సీటు మీదికి మారడానికి, చేరిన చోట మళ్లీ కుర్చీలోకి దిగడానికి మీకు మనిషి సాయం కావలసి రావచ్చు.

కాబట్టి చక్రాల కుర్చీ ముందు భాగంలో తగిలించి, అవసరం లేనప్పుడు ఊడదీసే బ్యాటరీ మోటారును పరిశీలించండి. ఐఐటీ మద్రాసులో పుట్టిన నియోమోషన్ సంస్థ తెచ్చిన నియోబోల్ట్ ఈ కోవలోనిదే. దాని గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లు, ఒకసారి చార్జింగ్ పెడితే పాతిక కిలోమీటర్ల దాకా వెళ్తుంది, మీకు రోజుకు కావలసింది ఎనిమిదే. ఇంట్లో కూర్చున్న కుర్చీలోనే బయలుదేరి, సెంటర్‌లో మోటారు ఊడదీసి, అదే కుర్చీతో టేబుల్ దగ్గరికి వెళ్లవచ్చు. కొలతలు తీసి చేయించిన కుర్చీ, మోటారు కలిపి 1,10,000 అవుతుందనుకున్నా, ఆటోకు పెట్టే డబ్బు మిగలడం వల్ల 21 నెలల్దాకా గడిస్తే ఆ ఖర్చు తిరిగి వచ్చేస్తుంది. బ్యాటరీ కొన్నేళ్లకు మార్చవలసి ఉంటుంది గనుక ఆ మిగులులోంచే నెలకు వెయ్యి రూపాయలు రికరింగ్ డిపాజిట్‌లో వేసుకోండి.

రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మూడు చక్రాల మోటారు వాహనానికి, వికలాంగుల ఉపకరణాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో శిబిరాల్లో ఇచ్చే బ్యాటరీ ట్రైసైకిల్‌కు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. కాని ఒకసారి ఉపకరణం తీసుకుంటే కొన్నేళ్ల దాకా మళ్లీ ఇవ్వరు. ఉచితం కదా అని మీకు పనికిరానిదానికి సంతకం పెట్టకండి.

పింఛను సంగతి దీనికన్నా ముఖ్యం. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత బాధితులకు నెలకు 15,000 ఇస్తున్నారు. పింఛన్ల సాధారణ అర్హతల్లో, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్లు మినహా కుటుంబానికి నాలుగు చక్రాల వాహనం ఉండరాదని, గ్రామాల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000 దాటరాదని షరతులు ఉన్నాయి. తమ్ముడు, మీరు ఒకే కుటుంబంగా నమోదై ఉంటే కారు అతని పేర ఉన్నా మీకు ఇబ్బందే. పింఛను ఆగితే ఏడాదికి 1,80,000 పోతుంది. ఏడు లక్షలు 9.5 శాతం వడ్డీకి అప్పు తెచ్చి ఐదేళ్లలో తీర్చేవారు ఏడాదికి కట్టే వాయిదాల మొత్తం 1,76,412. అంటే పింఛను పోవడమొక్కటే మరో కారు కొన్నంత భారం. మీ వర్గం పింఛనుకు ఈ షరతులను ఎలా అమలుచేస్తున్నారో మీ ఊరి సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ను అడిగి, వీలైతే రాతపూర్వకంగా తీసుకోండి. అక్కడ స్పష్టత రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. కొత్త ఉద్యోగం, దాని జీతం సంగతి కూడా ఆ అర్జీలోనే రాయండి. దాచమని నేను చెప్పను; దాచిన ఆదాయం బయటపడిన రోజున పింఛనుతో పాటు మాట కూడా పోతుంది.

మీ బావగారి పేర కొంటే వాహనం షరతు అడ్డురాకపోవచ్చు గాని, అప్పుడు మీ పరిహారం ఆయన ఆస్తి అవుతుంది. పన్ను తగ్గింపు అన్నది అసలు కారుకు సంబంధించినదే కాదు. ఆదాయపు పన్నులో ఆ తగ్గింపు (1961 చట్టంలో 80డీడీ సెక్షన్) తమ మీద ఆధారపడిన వికలాంగుల పోషణకు, వైద్యానికి ఉద్దేశించినది, వైకల్యం 80 శాతం గాని అంతకు మించి గాని ఉంటే 1,25,000 రూపాయల మినహాయింపు, అదీ పాత పన్ను విధానంలోనే. భార్య తమ్ముడు ఆ సెక్షన్ కింద ఆధారపడినవారిలోకి రాడు. మీ అక్కగారు పన్ను కట్టేవారై, మిమ్మల్ని పోషిస్తూ ఉంటే ఆవిడ అడగవచ్చు. కార్ల షోరూములో దివ్యాంగుల జీఎస్టీ రాయితీ అని ఆశపెడితే నమ్మకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకు అందరికీ జీఎస్టీ 18 శాతమే కనుక ఆ రాయితీతో కొత్తగా కలిసివచ్చేది ఏమీ లేదు.

ఇక 12 లక్షల సంగతి. తీర్పులో కొంత సొమ్మును డిపాజిట్‌గానే ఉంచాలని షరతు ఉందేమో ముందు చూసుకోండి. కుర్చీకి, మోటారుకు 1,10,000 పోగా, ఇంటి ముందు ర్యాంపుకు 35,000, మంచి కుషన్‌కు 15,000 కేటాయించండి. అరుగు అడుగున్నర ఎత్తు ఉంటే ర్యాంపు 18 అడుగుల పొడవు రావాలి. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు అన్నది ప్రమాణం. స్థలం చాలదని తాపీమేస్త్రీ ఆరడుగుల్లో నిటారుగా కట్టేస్తానంటే ఒప్పుకోకండి, దాన్ని ఎక్కాలన్నా దిగాలన్నా మళ్లీ మనిషి కావలసిందే. స్థలం లేకపోతే మలుపు తిప్పి కట్టించండి. కుషన్ దగ్గర పిసినారితనం అసలే వద్దు. స్పర్శ తెలియని చోట ఒక్క పుండు పడితే నెలల తరబడి మంచం మీద బోర్లా పడుకోవలసి వస్తుంది, ఉద్యోగం పోతుంది, డ్రెస్సింగుల ఖర్చు వేరు.

మిగిలిన 10,40,000లో తొమ్మిది లక్షలు పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో వేయండి. ఒక్కరి పేర వేయగల గరిష్ఠ మొత్తం అదే, 7.4 శాతం వడ్డీ లెక్కన నెలకు 5,550 వస్తుంది. గడువు ఐదేళ్లు, ఏడాది దాటాక కొంత కోతతో తీసుకోవచ్చు. తక్కిన 1,40,000 అత్యవసరాలకు బ్యాంకులోనే ఉండనివ్వండి. కారుకు నగదు ఇచ్చివుంటే మిగిలే ఐదు లక్షల మీద, బ్యాంకు 6.5 శాతం ఇచ్చినా, నెలకు 2,708 మించి వచ్చేది కాదు.

ఒకటి రెండేళ్ల తరువాత మీరే నడపాలనుకుంటే, చేతులతో బ్రేకు, యాక్సిలరేటరు వేసే అమరిక చేయించిన కారు గురించి అప్పుడు ఆలోచిద్దాం. ఆ మార్పును ఆర్‌సీలో నమోదు చేయించి, బీమా సంస్థకూ తెలియజేయాలని మాత్రం గుర్తుంచుకోండి.

మోటారుకు అడ్వాన్సు ఇచ్చే ముందు మీ సొంత కుషన్ వేసుకుని, మీ ఊరి నుంచి సెంటర్ దాకా రానూపోనూ ఒకసారి నడిపి చూపించమని అమ్మేవారిని అడగండి. షోరూము ముందు సిమెంటు నేల మీద నడపడం వేరు, ధాన్యం ఆరబోసిన తారురోడ్డు మీద సగం మార్జిన్ దిగి నడపడం వేరు. ఇంటికి వచ్చాక పిరుదుల దగ్గర చర్మం ఎక్కడైనా కందిందేమో అద్దం పెట్టి చూసుకోండి. ఎరుపు అరగంటకు కూడా తగ్గకపోతే కుషన్ మార్చిన తరువాతే మోటారు డబ్బు కట్టండి.